వెళ్ళొచ్చిన వస్తువులు

మొన్న సంక్రాంతికి అమెరికా నుంచి వస్తూ మా అబ్బాయి నాకొక కానుక తెచ్చాడు. చీర కాదు, స్వెట్టరు కాదు, మోకాళ్ళ నొప్పులకు రాసుకునే మందు అంతకన్నా కాదు. అరచేతిలో ఇమిడే గాజులాంటి ప్లాస్టిక్ దిమ్మ. దాని మధ్యలో బొట్టుబిళ్ళంత బంగారు రంగు రేకు. కళ్ళజోడు పెట్టుకుని చూసినా, తీసేసి చూసినా, అగరొత్తుల పెట్టెలో వుండే జిలుగు కాగితం ముక్కలాగే వుంది.

"ఏమిట్రా ఇదీ?" అన్నాను.

"చందమామ దగ్గరికి వెళ్ళొచ్చిందమ్మా!" అన్నాడు వాడు, చిన్నప్పుడు క్లాసులో ఫస్టొచ్చానని చెప్పినప్పుడు మొహం ఎలా పెట్టేవాడో అలాగే పెట్టి.

1969లో ఆర్మ్‌స్ట్రాంగ్ వాళ్ళు ప్రయాణం చేసిన అపోలో 11 నౌకకు పైన చుట్టిన పలచని పొరట అది. నౌక తిరిగొచ్చాక ఊడదీసి, చిన్న చిన్న ముక్కలు చేసి, జ్ఞాపికలుగా పంచారుట. అవి చేతులు మారి మారి ఇప్పటికీ వేలాల్లో అమ్ముడవుతూ వుంటాయిట. అంతరిక్షానికి వెళ్ళొచ్చిన వస్తువులు పోగుచేసేవాళ్ళు ప్రపంచమంతా వున్నారుట. మనవాళ్ళు పాత నాణేలూ, తపాలా బిళ్ళలూ దాచుకున్నట్టే ఇదీనూ.

"ఎంతయిందిరా?"

"కానుకకి ధర అడక్కూడదమ్మా."

బట్టల కొట్టు కుటుంబంలో నలభై అయిదేళ్ళకు పైగా కాపరం చేసినదాన్ని. ధర చెప్పకుండా మాట మార్చారంటే ఏమిటో ఆ మాత్రం తెలియదా! బాగానే అయివుంటుందని ఊరుకున్నాను.

ఇక దాన్ని ఎక్కడ పెట్టాలన్నది సమస్య అయింది. షోకేసులో పెడదామంటే అక్కడ కొండపల్లి బొమ్మల పక్కన వెలవెలబోతోంది. దేవుడి గూట్లో పెడదామంటే, చంద్రుడు నవగ్రహాల్లో వొకరే గానీ, ఆయన దగ్గరికి వెళ్ళొచ్చిన రేక్కి కూడా పూజ చెయ్యాలా అని సందేహం. చివరికి మధ్యేమార్గంగా దేవుడి గూటికి కింద అరలో, మా అత్తగారి కాశీ చెంబు పక్కన పెట్టాను.

ఆ సాయంత్రం పక్కింటి వదినగారు కరివేపాకు కోసం వచ్చి దాన్ని చూసింది. సంగతంతా చెప్పాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి, "ఇది నిజంగా వెళ్ళొచ్చిందని ఎట్టా తెలుసు వదినా?" అంది.

"సర్టిఫికెట్టు ఇచ్చారుగా!" అని కాగితం చూపించాను.

"కాగితాందేముందిలే. మిల్లు చీరకి చేనేత ముద్ర వేసి అమ్మటంలా?" అంది. చీరాల ఆడవాళ్ళకు ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు.

నాకు కాస్త ఉక్రోషం వచ్చింది. "అయితే ఈ చెంబులో వున్నది గంగేనని మాత్రం ఎట్టా తెలుసేమిటి?" అన్నాను.

ఆవిడ తడుముకోకుండా, "అది మీ అత్తగారు తెచ్చారు గదా!" అని కరివేపాకు కొంగులో వేసుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ అంత తేలిగ్గా అన్న మాట నన్ను నాలుగు రోజులు వదల్లేదు.

ఆలోచిస్తే, వెళ్ళొచ్చిన వస్తువును దాచుకోవడం మనకు కొత్తేం కాదు. కాశీ నుంచి చెంబూ, చేతికి కట్టుకునే నల్లతాడూ. రామేశ్వరం నుంచి ఇసుక. తిరుపతి నుంచి లడ్డూ. రాగి చెంబు ఏ పాత్రల కొట్లోనైనా దొరుకుతుంది. నీళ్ళు మన బావిలోనూ వున్నాయి. అయినా ఆ చెంబు వేరు. వాసనలో, రంగులో, బరువులో తేడా వుండి కాదు. అది వెళ్ళిన దారి వుంది, వెళ్ళిన మనిషి వుంది. అంతే.

మన శాస్త్రజ్ఞులు కూడా శ్రీహరికోటలో రాకెట్టు ఎగరేసే ముందు దాని చిన్న నమూనా తీసుకెళ్ళి తిరుమలలో స్వామి పాదాల దగ్గర పెట్టి వస్తూ వుంటారు. పెద్దది ఆకాశానికి వెళ్ళబోయే ముందు చిన్నది కొండెక్కి వస్తుందన్నమాట! 2006లో అంతరిక్షానికి వెళ్ళినప్పుడు సునీతా విలియమ్స్ తనతో భగవద్గీతనూ, చిన్న వినాయకుడి బొమ్మనూ తీసుకెళ్ళింది. 1969లో ఆర్మ్‌స్ట్రాంగ్ ఏం తీసుకెళ్ళాడో తెలుసా? రైట్ సోదరులు 1903లో ఎగరేసిన మొట్టమొదటి విమానం రెక్కకు కుట్టిన గుడ్డలోంచి చిన్న ముక్కా, దాని పంకాలోంచి చిన్న చెక్కముక్కా. ఆ గుడ్డ పట్టూ కాదు, పీతాంబరమూ కాదు, మామూలు నూలు గుడ్డ. అలాంటిదే ఇంకో ముక్క, తపాలా బిళ్ళంతది, అంగారకుడి మీద 2021లో ఎగిరిన చిన్న హెలికాప్టరుకు అంటించి పంపారు. అది ఇప్పటికీ అక్కడే వుంది. మగ్గాల చప్పుడు మధ్య బతికిన ఊరివాళ్ళం కనక, గుడ్డ అంతదూరం వెళ్ళిందంటే మాకు కాస్త గర్వంగానే వుంటుంది. మా మావయ్యగారైతే "గజం ఎంత పడిందో!" అనేవారు.

ఆయన సంగతి చెప్పాలి. ఈ రేకు చూసినప్పటి నుంచీ నాకు గుర్తొస్తున్నది ఆయనే.

1979లో స్కైలాబ్ గొడవ మీలో చాలామందికి గుర్తుండే వుంటుంది. గుర్తులేని వయసు వాళ్ళు మీ అమ్మనడగండి. అమెరికా వాళ్ళు ఆకాశంలో నిలిపిన 77 టన్నుల స్టేషను అదుపు తప్పి కిందికి రావడం మొదలెట్టింది. ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలియదు. మన ఊళ్ళల్లో దాని పేరు తెలియనివాళ్ళు లేరు. ఎలాగూ పోతాంగదా అని కోళ్ళూ, మేకలూ కోసుకుతిన్నవాళ్ళున్నారు, అప్పులు ఎగ్గొట్టొచ్చని సంతోషించినవాళ్ళున్నారు. అంతకు రెండేళ్ళ కిందటే, 1977 నవంబరులో, మా సముద్రపొడ్డు తుపానుకు అల్లాడిపోయింది. ఆకాశం మీదా సముద్రం మీదా మాకు నమ్మకం తగ్గిన రోజులవి. జూలై 11 రాత్రి ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. తెల్లారింది. చీరాల చీరాలగానే వుంది. మగ్గాలు మళ్ళీ ఆడాయి.

రెండ్రోజుల తర్వాత, మా మావయ్యగారి కొట్టుకు వచ్చిపోయే వాడరేవు మనిషొకతను వంకర తిరిగిన ఇనుప ముక్క వొకటి గోనెలో చుట్టి తెచ్చాడు. ఇసుకలో దొరికిందిట. అరచెయ్యి వెడల్పు వుంది. వొకవైపు నల్లగా మాడినట్టుంది. "ఆకాశంలోంచి పడిందయ్యా" అన్నాడు. మావయ్యగారు అతనికి కొత్త లుంగీ వొకటి ఇచ్చి దాన్ని పుచ్చుకున్నారు. పైసా దగ్గర కూడా బేరమాడే మనిషి, అసలు బేరమే లేకుండా!

దాన్ని బ్రాసోతో తుడిచి, అద్దాల బీరువాలో గాంధీగారి పటం కింద పెట్టారు. అట్టముక్క మీద తమ గుండ్రటి దస్తూరీతో ఇలా రాసి నిలబెట్టారు: 'ఆకాశము నుండి పడిన స్కైలాబ్ శకలము. వాడరేవు. 13-7-1979.' పది పదిహేను రోజులు మా ఇల్లు తిరనాళ్ళయింది. బడిపిల్లలూ, కొట్టుకొచ్చే నేతగాళ్ళూ, వీధిలో ముసలమ్మలూ వచ్చి చూసిపోయేవారు. మావయ్యగారు అందరికీ మొదటినుంచీ చెప్పేవారు. ఎవరి దగ్గరా కానీ పుచ్చుకోలేదు. మా అత్తగారు మాత్రం కాఫీపొడి ఖర్చు చూసుకుని విసుక్కునేవారు.

నేనప్పుడు కొత్త కోడల్ని. బి.యస్సీ. చదివిన కోడల్ని. ఆ రోజుల్లో ఆ రెండో మాట ఎంత బరువో మీకు చెప్పాలా! పేపరు పూర్తిగా చదివే ఆడమనిషిని ఆ ఇంట్లో నేనే. స్కైలాబ్ ముక్కలు హిందూ మహాసముద్రంలోనూ, ఆస్ట్రేలియా పడమటి భాగంలోనూ పడ్డాయని పేపర్లో వచ్చింది. ఆస్ట్రేలియాలో ఎస్పరెన్స్ అనే ఊరివాళ్ళు, మా ఊళ్ళో చెత్త వేశారని అమెరికాకు 400 డాలర్లు జరిమానా కూడా వేశారు. అక్కడి పదిహేడేళ్ళ కుర్రాడొకడు ముక్కలు పట్టుకుని విమానమెక్కి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళి, ఒక పత్రిక ప్రకటించిన పదివేల డాలర్ల బహుమతి గెలుచుకున్నాడు.

వొక ఆదివారం ఒంగోలు నుంచి చుట్టాలొచ్చారు. మావయ్యగారు బీరువా తలుపు తీసి కథ మొదలెట్టారు. నేను కాఫీ పళ్ళెం పట్టుకుని వచ్చాను. ఏం పుట్టిందో, "అదెట్లా మావయ్యగారూ! స్కైలాబ్ పడింది ఆస్ట్రేలియాలో గదా! పేపర్లో వేశారుగా. ఇది ఏ పడవ ముక్కో, తుపానుకు కొట్టుకొచ్చిన స్టీమరు ముక్కో అయ్యుంటుంది" అనేశాను.

వచ్చినవాళ్ళు నవ్వారు. మా వారు నావంక ఒక చూపు చూశారు. మావయ్యగారు మాత్రం, "అట్టాగా అమ్మాయ్!" అని, కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టారు. మర్నాడు చూస్తే బీరువాలో ఆ అర ఖాళీగా వుంది. ఆ తర్వాత ఆయన ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆయన నాతో ఎప్పటిలాగే ప్రేమగా వున్నారు. అదే నాకు ఇంకా కష్టంగా వుండేది.

ఎన్నోసార్లు నాలో నేను వాదించుకున్నాను. నేనన్నది అబద్ధమా? కాదే! మరి తప్పేమిటి? చాలా ఏళ్ళకు గానీ నాకు జవాబు దొరకలేదు. నేను నిజం కోసం ఆ మాట అనలేదు. నాకు తెలుసునని నలుగురికీ తెలియడం కోసం అన్నాను. నిజమే చెప్పదలుచుకుంటే, ఆయన ఒక్కరూ పడక్కుర్చీలో పేపరు చదువుకునే వేళ పక్కన నిలబడి చెప్పేదాన్ని. ఆ అవకాశం పన్నెండు రోజులు వుంది నాకు.

సరే, మళ్ళీ చంద్రమండలానికి వెళదాం. మా అబ్బాయి తెచ్చిన రేకు పుణ్యమా అని, ఈ సేకరణల సంగతులు వాడినడిగి కొన్నీ, చదివి కొన్నీ తెలుసుకున్నాను. వాటిల్లో మూడు మాత్రం మీకు చెప్పాలి.

మొదటిది ఒక సంచీ కథ. ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద ఏరిన మొదటి మట్టినీ రాళ్ళనూ పెట్టి తెచ్చిన తెల్లటి గుడ్డసంచీ ఎలాగో దారితప్పి, సరైన వివరం లేకుండా ప్రభుత్వ వేలంలోకి వచ్చింది. ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక లాయరమ్మ 2015లో దాన్ని 995 డాలర్లకు కొనుక్కుంది. ఇదేమిటో చూసి చెప్పండని నాసాకు పంపితే, వాళ్ళు పరీక్ష చేసి, అమ్మో ఇది మాది, ఇవ్వమన్నారు. ఆవిడ కోర్టుకెక్కింది. ధర్మంగా కొన్నది కనక ఆవిడదేనని జడ్జిగారు తీర్పు చెప్పారు. 2017 జూలైలో అదే సంచీ 18 లక్షల డాలర్లకు అమ్ముడయింది. సంచీ మారలేదు, దానిలోని ధూళి మారలేదు. రెండేళ్ళలో మారింది ఒక్కటే: ఇది ఫలానా చోటికి వెళ్ళొచ్చిందన్న మాట నిజమని తేలింది. మా వదినగారి ప్రశ్న ఖరీదు చూశారా!

రెండోది ఉత్తరాల కథ. 1971లో అపోలో 15లో వెళ్ళిన ముగ్గురు వ్యోమగాములూ అనుమతి లేకుండా దాదాపు 400 తపాలా కవర్లు చంద్రుడి దాకా తీసుకెళ్ళి తెచ్చారు. వాటిల్లో వంద ఒక జర్మను స్టాంపుల వర్తకుడికి చేరాయి. అతను ఒక్కొక్కటి సుమారు 1500 డాలర్లకు అమ్మాడు. సంగతి బయటపడింది. పిల్లల పేర డబ్బు వేద్దామనుకున్నామని వాళ్ళు చెప్పుకున్నారు. ఆ డబ్బు వద్దని వదులుకున్నారు కూడా. అయినా 1972లో వాళ్ళకు మందలింపు తప్పలేదు, మళ్ళీ అంతరిక్షానికి వెళ్ళే యోగం ముగ్గురికీ లేకపోయింది.

ఇక్కడ నాకు ఆలోచన తెగలేదు. ఆ కవర్లు చంద్రుడి దాకా వెళ్ళొచ్చిన మాట నిజమే. అందులో మోసం లేదు. పిల్లల కోసం నాలుగు డబ్బులు వెనకెయ్యాలనుకోవడం మనకెవరికీ తెలియని పాపమూ కాదు. మరి బాధ ఎక్కడ? ఊరంతా చందాలు వేసుకుని ఒకాయన్ని కాశీకి పంపిందనుకోండి. మా పేరన కూడా ఒక మునక వెయ్యి నాయనా అని ముసలమ్మలు ముడుపులు కట్టిచ్చారనుకోండి. ఆయన వెళ్ళి, గంగ చెంబులు నిండా నింపుకొచ్చి, బజార్లో పెట్టి అమ్మితే ఎలా వుంటుంది? గంగ గంగే. కానీ ఆయన వెళ్ళింది ఆయన ఒక్కడి కోసం కాదు గదా! వెళ్ళొచ్చిన వస్తువును, వెళ్ళావా అని అడిగితే సరిపోదు. ఎవరి కోసం వెళ్ళావు అని కూడా అడగాలి.

అట్లాగని అమ్ముకున్నవాళ్ళందర్నీ తప్పుపట్టలేను. రష్యా వాళ్ళ రాకెట్లకు పెద్ద దిక్కయిన కొరొల్యేవ్ పేరు ఆయన బతికున్నన్నాళ్ళూ లోకానికి తెలియనివ్వలేదు. ఆయన 1966లో పోయాడు. 1970లో లూనా 16 చంద్రుడి మీద నుంచి మట్టి తెచ్చినప్పుడు, అందులో మూడు చిన్న రేణువులు ప్రభుత్వం ఆయన భార్యకు బహూకరించింది. ఆ రేణువులు 1993లో వేలానికి వచ్చాయి. 2018లో మళ్ళీ వచ్చి 8,55,000 డాలర్లు పలికాయి. మొగుడి జీవితమంతా రహస్యంగా దేశానికి ధారపోసిన ఇల్లాలికి దేశం ఇచ్చినవి మూడు గింజలు. అవి ఆ ఇంటి సొత్తు. అమ్మినా, దాచినా మనం నోరెత్తకూడదు.

మూడో కథ విన్నప్పుడు మాత్రం నేను చేస్తున్న పని ఆపేసి కూర్చుండిపోయాను. ఆర్మ్‌స్ట్రాంగ్ 2012లో చనిపోయాడు. ఆ తర్వాత ఆయన భార్య కారల్ ఇల్లు సర్దుతూ వుంటే, బట్టల అలమరలో ఒక తెల్లని గుడ్డసంచీ కనిపించింది. విప్పితే ఏవో మరలూ, తాళ్ళూ, ఒక కెమెరా. ఏమిటో తెలియక ఫొటో తీసి మ్యూజియం వాళ్ళకు పంపింది. అవన్నీ చంద్రుడి మీదికి వెళ్ళొచ్చిన వస్తువులు! ఆ కెమెరా, నౌక చంద్రుడి మీద దిగుతూ వుంటే కిటికీలోంచి బొమ్మలు తీసిన కెమెరా. నలభై ఏళ్ళకు పైగా ఆయన ఆ సంచీ దాచుకున్నాడు, దాన్ని గురించి ఇంట్లో చెప్పలేదు. ఆవిడ వాటిని మ్యూజియానికి చేర్చింది. 2015లో లోకమంతా తెలిసింది.

నేను కూర్చుండిపోయింది ఎందుకంటే, అలాంటి సంచీ ఒకటి నేనూ విప్పాను.

1996లో మా మావయ్యగారు పోయారు. చివరి రోజు మా అత్తగారు దేవుడి గూట్లోంచి కాశీ చెంబు తీశారు. ఆవిడ కాశీ వెళ్ళినప్పుడు రెండు తెస్తే, ఒకటి గంగ సమారాధన నాడు విప్పి, రెండోది 'ఎప్పటికైనా పనికొస్తుంది' అని సీలు తియ్యకుండా వుంచారుట. మూత విప్పి, తులసాకుతో మూడు చుక్కలు ఆయన నోట్లో పోశారు. అది గంగేనా అని ఎవరం అడగలేదు.

కర్మకాండ అయ్యాక ఆయన ట్రంకుపెట్టె సర్దే పని నాకు పడింది. పద్దుల పుస్తకాలూ, పాత కళ్ళజోళ్ళూ, అడుగున గాడా గుడ్డతో కుట్టిన చిన్న సంచీ. విప్పేటప్పటికే నా చేతికి తెలిసిపోయింది. ఆ ఇనుపముక్కే. దాంతోపాటు ఆ అట్టముక్క కూడా వుంది. పైన రాసినదాన్ని చింపలేదు. ఒక్క గీతతో కొట్టేసి, కింద ఇలా రాశారు:

'ఇది స్కైలాబ్ కాదు. అది ఆస్ట్రేలియాలో పడినది. ఇది వాడరేవు ఇసుకలో దొరికినది. ఏ వస్తువో తెలియదు. అమ్మాయి చెప్పినది నిజము.'

ట్రంకుపెట్టె ముందు కూర్చుని ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు. మా అత్తగారు నేను మావయ్యగారి కోసం ఏడుస్తున్నానని వీపు నిమిరారు. అదీ నిజమే.

ఇన్నాళ్ళూ నేను అనుకున్నదేమిటంటే, ఆయన సంతోషాన్ని నేను పాడు చేశానని. కొందరు స్నేహితురాళ్ళు కూడా, "పెద్దాయన సరదాను ఎందుకు చెడగొట్టావే, అబద్ధమైతే ఎవరికి నష్టం?" అన్నారు. కానీ ఆ అట్ట చదివాక అలా అనుకోలేను. అబద్ధం మీద సంతోషం ఆయనకే అక్కర్లేకపోయింది. తెలిసిన మర్నాడే దాన్ని దించేశారు. అయినా పారెయ్యలేదు. తప్పు దిద్ది, తెలిసిన మేరకు రాసి, తెలియనిది తెలియదని రాసి దాచారు. నలుగురిలో నవ్వులపాలు చేసిన కోడలి మాటను కూడా, నిజం కనక, తమ దస్తూరీతో ఒప్పుకున్నారు. నేను పాడుచేసింది సంతోషాన్ని కాదు, ఆయన మర్యాదను. దాన్ని ఆయన తిరిగి తెచ్చుకున్నారు. నాకే తెలియలేదు.

వెళ్ళొచ్చిన వస్తువుకు ఇంత విలువ ఎక్కడి నుంచి వస్తుంది అన్న ప్రశ్నకు, మా వదినగారు అన్న 'మీ అత్తగారు తెచ్చారు గదా' అన్న మాటే జవాబనిపిస్తుంది. వస్తువు తను వెళ్ళిన దారి చెప్పలేదు. దాని తరఫున ఒక మనిషి చెప్పాలి. ఆ మనిషి మాట నిలిచినంతకాలమే అది వెళ్ళొచ్చిన వస్తువు. ఆ మాట పోతే బొట్టుబిళ్ళంత జిలుగు కాగితం. అందుకని పోగుచేసేవాళ్ళు నిజానికి పోగుచేసేది రేకులనూ సంచీలనూ కాదు, ఎవరివో మాటలను. కాబట్టి మాటను ఎలా చూసుకుంటామో దాన్నీ అలాగే చూసుకోవాలి. పెంచకూడదు, తుంచకూడదు, అందరిదీ అయినదాన్ని నాదొక్కదానిదే అనకూడదు.

ఐర్లాండు వాళ్ళకు అమెరికా కానుకగా ఇచ్చిన చంద్రశిల రేణువులు 1977లో ఒక అగ్నిప్రమాదం తర్వాత శిథిలాలతో కలిసి చెత్తకుప్పలోకి పోయాయి. ఇవి ఫలానా అని చెప్పే మనిషి ఆ వేళ అక్కడ లేకపోయాడు గదా అనిపిస్తుంది నాకు.

దాచుకోవడం తప్పని నేననడం లేదు. బీరువా నిండా పాత జరీచీరలున్నదాన్ని, నేనా అనడం! కానీ దాచడంలో రెండు రకాలున్నాయి. పనికి రావాలని దాచడం ఒకటి, తలుపేసుకుని చూసుకోవాలని దాచడం ఒకటి. అపోలో 17 వాళ్ళు 1972లో తెచ్చిన చంద్రుడి మట్టిలో కొంత సీలు విప్పకుండా అలాగే వుంచేశారు. ముందు ముందు మంచి పరికరాలొస్తాయి, మనకన్నా తెలివైనవాళ్ళు పుడతారు, వాళ్ళు విప్పుతారని. ఒక గొట్టాన్ని 2022లో విప్పారు. యాభై ఏళ్ళు! మా అత్తగారి రెండో చెంబు లాంటిదే అదీ.

మా ప్రాంతపు పిల్ల శిరీష బండ్ల సంగతీ అంతే. చీరాల వాళ్ళం మా ఊరి ఆడపడుచంటాం, తెనాలి వాళ్ళు మా పిల్లంటారు. ఆ తగువు ఎలా వున్నా, 2021 జూలై 11న ఆ అమ్మాయి 86 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళొచ్చిన రోజు మా వీధిలో టీవీలన్నీ ఒకటే పాట. అప్పుడామె చేతుల్లో వున్నవి ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్ళ గొట్టాలు. వాటిల్లో చిన్న చిన్న మొక్కలు. బరువు తెలిసేటప్పుడూ, బరువు తెలియనప్పుడూ మొక్క లోపల ఏమవుతుందో తెలుసుకునే పరీక్ష. ఆ మొక్కలు తిరిగొచ్చింది షోకేసులోకి కాదు, పరిశోధనశాలలోకి. అదే విశ్వవిద్యాలయం వాళ్ళు మర్నాటి ఏడాది ఇంకో వింత చెప్పారు. నాసా దగ్గర పన్నెండు గ్రాముల చంద్రుడి మట్టి అడిగి పుచ్చుకుని, అందులో ఆవ జాతి మొక్క మొలిపించారు. పన్నెండు గ్రాములంటే మన పోపులపెట్టెలో రెండు మూడు చెంచాలు. వేలంలో పెడితే ఎన్ని కోట్లో! వాళ్ళు విత్తనం చల్లారు.

ఇక మా ఇంట్లో రేకు సంగతి. మా అబ్బాయి వెళ్ళేముందు, "లాకర్లో పెట్టమ్మా, ధర పెరుగుతుంది" అన్నాడు. వాడు నా కోసమే అన్నాడు, కాదనను. కానీ లాకర్లో పెట్టలేదు. పాత అద్దాల బీరువాలో, గాంధీగారి పటం కింద, ఆ ఖాళీ అరలో పెట్టాను. పక్కన మావయ్యగారి ఇనుపముక్క, ఆయన రాసిన అట్టతో సహా. రేకు ముందు నేను కూడా ఒక అట్టముక్క రాసి నిలబెట్టాను: 'ఇది 1969లో అపోలో 11 నౌకతో చంద్రుడి దగ్గరికి వెళ్ళొచ్చినదని అమ్మినవారు కాగితమిచ్చారు. మా అబ్బాయి నమ్మి తెచ్చాడు. నేను వాడిని నమ్మాను.'

ఆదివారాలు వీధిలో పిల్లలు వచ్చి చూస్తున్నారు. కాఫీలు తాగే వయసు కాదు కనక ఖర్చు తక్కువే, జంతికలతో సరిపోతోంది. రేకును రెండు నిమిషాలు చూస్తారు. ఆ తర్వాత అందరూ ఇనుపముక్క చుట్టూ చేరతారు. "మరి ఇదేంటి మామ్మా?" అని అడుగుతారు. తెలియదర్రా అంటాను. పడవదని ఒకడూ, విమానానిదని ఒకడూ, కాదు నిజంగా పైనించే పడిందని ఇంకోడూ కొట్టుకుంటారు. మొన్న ఒక పిల్ల మాత్రం అట్ట మీద చివరి మాట కూడబలుక్కుని చదివి, "అమ్మాయంటే ఎవరు మామ్మా?" అంది.

చెప్పాను. నేను పళ్ళెం పట్టుకుని వచ్చిన దగ్గర్నుంచీ మొత్తం చెప్పాను.